పొల్లు

మొట్టమొదట పోయింది అమ్మకం.
గుమ్మిడిపూండి వైపు ఏదో పొలం,
ఎవరో కరణం గొలుసుకట్టులో నాలుగు కాగితాల దస్తావేజు,
చూసి టైపు చేసి ఇస్తే పేజీకి డెబ్భై రూపాయలు.
అమ్మకం అని కొట్టాను.
తెర మీద 'మమకం' అని పడింది,
ఎప్పుడో అమ్మేసిన పొలం లేచి కూచుని
నాదే, నాదే అన్నట్టు.

మీట ఒక్కటే.
ఇంగ్లీషులో దాని పేరు డి.
నాకు మాత్రం పైమెట్టున అకారం, కింది మెట్టున పొల్లు.
కొన్ననాటి నుంచీ ఈ మీటలన్నీ
గాలికి మెత్తబడ్డ అప్పడాలే,
నొక్కితే చప్పుడుండదు, నొక్కానన్న నమ్మకమూ ఉండదు.
సర్దుకున్నాను.
ఎనిమిదో నెలలో ఇది
నాలుగు పొడిస్తే ఒకసారి పలకడం మొదలుపెట్టింది.

వత్తులు రాలిపోయాయి.
భార్య భారయ అయింది.
తూర్పు సరిహద్దు తూరపు సరిహదదు.
హక్కు అని కొడితే హకకు,
ఎవరికో ఎక్కిళ్ళొచ్చినట్టు.
వారంటీ అని కొట్టి చూశాను.
దానికి పొల్లుతో పనిలేదు,
చక్కగా పడింది.

కొన్నాళ్ళు పాత ఫైలులోంచి ఒక పొల్లు కాపీ చేసుకుని
కావలసిన చోటల్లా అతికించాను,
పక్కింటి నుంచి చెంచాడు తోడు తెచ్చుకున్నట్టు.
ఇరవై నిమిషాల పేజీకి గంట పట్టింది.
తంబుచెట్టి వీధిలో వకీలు తిరువేంగడం గారు
ప్రతి పేజీ అడుగునా నాచేత వేయించే వాక్యం ఒకటుంది:
అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసితిని.
ఆ వాక్యంలోనే మూడు పొల్లులు పోయాయి,
ఒక అకారం కూడా.

మౌంట్ రోడ్డులో
కళ్ళజోళ్ళ కొట్టు పైన సర్వీసు సెంటరు.
మొదటిసారి వెళితే వాళ్ళ ముందు మీట బుద్ధిగా పలికింది,
డాక్టరు గుమ్మంలోకి రాగానే
జ్వరం పిల్లాడు ఆటకి దిగినట్టు.
"నల్లా వేల సెయ్యుదే, మేడమ్."
రెండోసారి, కాఫీ ఒలికిందా అన్నారు.
నేను కాఫీ తాగను.
అయినా విప్పి
తడి తగిలితే ఎర్రబడే తెల్లచుక్కని టార్చివేసి చూశారు.
తెల్లగానే ఉంది.
ఆ చుక్క చెప్పాక గానీ నా మాట నమ్మలేదు.

మూడోసారి టోకెను అరవై మూడు.
కౌంటర్లో యాళిని అనే పిల్ల,
గోళ్ళకి సగం రాలిన నీలిరంగు.
తనే పదిసార్లు కొట్టింది. ఆరు పడ్డాయి.
"ఆరు వస్తే సిస్టంలో పాస్, మేడమ్."
కోపంలో నాకు వచ్చిన తమిళం కూడా పోయింది.
టోకెను వెనక్కి తిప్పి
వాళ్ళ లిపిలో అమ్మా అని రాసి
మకారం నెత్తిమీది చుక్కని గోటితో మూసి
చదవమన్నాను.

"అమమా."
నవ్వబోయి ఆగింది.
మళ్ళీ చదివింది, పెదాలతోనే.
"పుళ్ళియే వరలియా?"
రావడం లేదమ్మా. అదే రావడం లేదు.
ఆమె ఇంకేమీ అడగలేదు.
ఆరుని చెరిపి ఏ అంకె వేసిందో
నేనూ తొంగిచూడలేదు.

పదకొండు రోజులకి కొత్తది బిగించి ఇచ్చారు.
పాతదాన్లోంచి ఆ ఒక్క మీటా ఇమ్మన్నాను,
నా వేలి గుంట పడి ఉంది దానిమీద.
కంపెనీకి లెక్క అప్పజెప్పాలట, కుదరదంది.

బస్‌స్టాపులోనే ఒళ్ళో పెట్టుకుని తెరిచాను.
అమ్మకం. అమ్మింది అమ్మినట్టే ఉంది.
భార్య. తూర్పు. హక్కు.
పక్కన పూలావిడ తెర వంక చూసి
ఏం లిపో పోల్చుకోలేక పూలు కట్టుకుంది.

కొత్తవీ మెత్తటి అప్పడాలే.
మాటకీ మాటకీ నడుమ ఖాళీ వేసే పొడుగు మీట
అప్పుడే ఎడమ కొసన కిర్రుమంటోంది.
వారంటీ ఇంకా నలభై ఒక్క రోజులుంది.
టోకెను పారేయలేదు.