మెట్ల మీద రజబ్

రంజాన్ పందొమ్మిదో రాత్రి. కైరో, షుబ్రా, నాలుగో అంతస్తు.
ఇరవై మూడో భాగం తెల్లారేసరికి కావాలి.
ఇరవై ఒకటి ఇంకా షూటింగ్‌లోనే ఉంది.

గోడ నిండా చీటీలు.
పచ్చవి అన్నదమ్ముల పంపకాలు,
గులాబీవి ఫార్మసీ పిల్ల ప్రేమ,
నీలంవి జైలు నుంచి తిరిగొచ్చిన హిలాల్.
ఈనాస్ వట్టి కాళ్లతో వాటి ముందు తిరుగుతోంది
మూడు పొయ్యిల మీదా పాలు పెట్టుకున్నదానిలా.

నాయిక తరఫు మనిషి నిమిషాలు లెక్కపెడతాడు.
విలన్‌కి చావడానికి అభ్యంతరం లేదట,
ఇంకో రెండు రోజులాగి చస్తానంటాడు.
పెళ్లి ఈ వారమే జరగాలి,
నెయ్యి కంపెనీ డబ్బు కట్టేసింది.

అందర్నీ సర్దేసరికి ఒంటిగంటన్నర.
చల్లారిన టీ నోట పెట్టుకుంటుంటే ఫోన్.

"అమ్మాయీ, నేను ఫిక్రీని... ఇస్త్రీ రజబ్‌ని.
ఏడో భాగంలో చొక్కా పట్టుకుని మెట్లెక్కాను కదా,
మళ్లీ దిగలేదు.
రేపు రావాలా, అక్కర్లేదా?
పని కోసం కాదులే.
మనవరాలు రోజూ అడుగుతోంది,
తాతా, ఆ చొక్కా ఎవరిదీ అని."

చీటీలన్నీ తిరగేసింది.
రజబ్‌కి ఏ రంగూ లేదు.
ఆ రోజు కెమెరా ఫార్మసీ పిల్ల వెంట పరుగెత్తింది,
ఆమె కూడా పరుగెత్తింది.
పన్నెండు రోజులుగా ఒక ముసలాయన
రెండో మలుపులో నిలబడే ఉన్నాడు,
హ్యాంగర్ పట్టుకున్న చెయ్యి దించకుండా.

కింద సందులో డప్పు.
సెహరీకి లేపేవాడు వచ్చాడు.
మొదటి అంతస్తు హాజ్జా కరీమా, లే!
రెండో అంతస్తు వగీహ్, లే!
మొన్ననే పుట్టిన పిల్లని కూడా పేరుపెట్టి పిలుస్తున్నాడు.
చేతిలో కాగితం లేదు.

చీటీలు అయిపోయాయి.
చక్కెర పొట్లం చింపి రాసింది: రజబ్.
గోడ మీద చోటు లేదు.
విలన్ ఆఖరి ప్రసంగంలో రెండు నిమిషాలు కోసింది,
రేపు అరుస్తాడు, అరవనీ.

ఎవరి తలుపు? పచ్చ చీటీల వైపు చూసి, నీలం వైపు చూసి,
హిలాల్‌ది, అనుకుంది.
జైలుకెళ్లిన రోజు ఇస్త్రీకిచ్చిన చొక్కా.
తీసుకోవడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

దృశ్యం 14. మెట్లు. పగలు.
రజబ్ తలుపు కొడతాడు.
ఆగి, బ్రాకెట్లలో నటుడికి సూచన రాసింది:
చొక్కా ఇంకా వెచ్చగానే ఉంది.