అతుకు

కొత్తవాడ మూడో గల్లీల
మా నాయినను మిల్ట్రీ సారయ్య అనేటోళ్లు.
మిల్ట్రీల ఏం చేసిండో ఎవలూ అడగలే.
నేనే అడిగిన, మూడో తరగతిల,
పలక మీద తుపాకి గీసుకొని పోయి.
"వైరు పరిచిన బిడ్డా."
"మరి యుద్ధంల?"
"యుద్ధంల గూడ వైరే."
నా తుపాకిని అరచేత్తోటి తుడిచి
ఆ తడి మీదనే
పదమూడో ఎక్కం రాయించిండు.

పద్దెనిమిదేండ్లు సిగ్నల్ రెజిమెంటు.
భుజానికి తీగ చుట్ట, నడుముకు పట్కారు.
ఎవలెవలి మాటలో ఎవలెవలికో చేరేసినోడు
ఇంటికి రాసే ఉత్తరం నాలుగు లైన్లు దాటలే:
నేను క్షేమం.
మనియార్డరు అందిందా.
పిల్లలు బడికి పోతున్నరా.
మగ్గం గుంతల వాన నీళ్లు ఎండినయా.
అమ్మ ఆ నాలుగు లైన్లను
పక్కింటి పంతులమ్మతోటి
నాలుగుసార్లు చదివించుకునేది.
నాలుగోసారికి
ఐదో లైను వినబడేదట.

ఒక్క ముచ్చట మాత్రం బయటపడ్డది.
అక్క పెండ్లికొచ్చిన శ్రీకాకుళం దోస్తు అప్పల్నాయుడు
విస్తరి ముందట కూసొని చెప్పిండు:
డెబ్బై ఒకటిల, జమ్ము అవతల,
గుండ్లు పడి తెగిన తీగను
దీపం లేకుండ, వేళ్లతోటి తడిమి తడిమి,
ఒక్క రాత్రిల పదకొండు చోట్ల అతికిండట.
"ఆ ముడి మాకెవ్వలికీ రాదమ్మా,
మీ తాత నేర్పిన నేతముడంట."
నేను నాయిన దిక్కు చూసిన.
అప్పటికే లేచి పోయిండు,
బూంది బకీటు పట్టుకొని
ఆఖరి వరుసల వడ్డించుకుంట.

పతకం ఉండె.
అది పతకమని నాకెవలు చెప్పిన్రు?
తొక్కుడుబిల్లకు మంచి బరువు, మంచి గుండ్రం,
విసిరితే ఏడో గడిల గూడ పడేది.
రెండెండకాలాలు ఆడితే
మీదున్న అక్షరాలు అరిగిపోయినయ్.
నాయిన అరుగు మీద కండెలు చుట్టుకుంట
అంతా చూసిండు.
అన్నది ఒక్కటే:
"గీత తొక్కకు."

పింఛను మీద వచ్చినంక
పగలు జంపఖానా మగ్గం,
రాత్రి ఏనుమాముల రోడ్డుల జిన్నింగు మిల్లు కావలి.
తెల్లారి ఇంటికొస్తే
మీసాల మీద, మఫ్లరు మీద దూది పోగులు.
అమ్మ ఒక్కొక్కటి ఏరుకుంట
"ఇయ్యాల గూడ మంచు పడ్డదా?" అని నగేది.
క్యాంటీన్ల సబ్బులు తెచ్చేటోడు, చాయ్‌పత్తి తెచ్చేటోడు.
సీసా తెచ్చింది ఒక్కసారే,
అది గూడ వియ్యంకుని తమ్ముడు అలిగిండని.

జెండా పండుగకు బడికి పిలిచిన్రు.
స్టేజీ మీద పేరున్న కుర్చీ వేసిన్రు.
ఆయన కుర్చీ దాక రానే లేదు.
మైకు వైరు నడుమిట్ల తెగిందని తెలిసి
రేకుల షెడ్డు వెనక కూలబడి
రెండు కొనలు కలిపి పట్టుకున్నడు.
పెద్దమనుషులు దేశం గురించి మాట్లాడిందంత
ఆ పొద్దు మా నాయిన వేళ్లల్లకెళ్లి పోయింది.

ఏటా నవంబరుల బ్యాంకుకు పోయి
బతికున్నట్టు సంతకం పెట్టి,
రెండు అరటిపండ్లు కొనుక్కొచ్చి
అమ్మ చేతిల పెట్టి అనేటోడు:
"ఇంకో యాడాది ఇచ్చిన్రు."

ఆయన నేసిన ఆఖరి జంపఖానా నా దగ్గరున్నది.
ఎర్ర చారల మీద అరచెయ్యి పెట్టి
ఎన్నిసార్లు జరిపినా
ఒక్క ముడి తాకది.
పోగు తెగకుండ ఎట్ల ఉంటది?
తెగే ఉంటది.

ఎంజీఎం దవాఖానల మూడో రాత్రి
కండ్లు తెరవకుండనే
సెలైను పైపును పట్టుకున్నడు.
బొటనవేలు, చూపుడు వేలు
మెల్లగ పైకి, మెల్లగ కిందికి,
తెగిన జాగ కోసం.
నర్సమ్మ ఆపబోతే
అమ్మ వద్దన్నది.
ఒక జాగల వేళ్లు ఆగినయ్.
"హలో," అన్నడు. "హలో. వినబడ్తుందా?"

అమ్మ ఆయన చెవి దగ్గరికి వంగింది.
"వినబడ్తుంది.
లైను మంచిగనే ఉన్నది.
ఇగ పండుకో."