గోడమీది వాళ్ళం

కొత్త కోచ్ వచ్చాడన్న కబురు
మా పంటు కంటే ముందే నది దాటి
సఖినేటిపల్లి రేవులో టీ తాగి
ఇంకో రెండు కాళ్ళు మొలిపించుకుని తిరిగొచ్చింది.
వాలీబాల్ మనిషంట.
మోకాలు సరిగా వంగదంట.
పేరు గగారినంట, వాళ్ళ నాన్న పార్టీలో ఉండేవాడులెండి.
"అయితే మనోళ్ళని ఆకాశంలోకి పంపుతాడన్నమాట"
అన్నాడు లేసు ఏజెంటు డేవిడ్‌రాజు.
ఎవరూ నవ్వలేదు.

పంతొమ్మిదేళ్ళు సత్తిరాజు మేష్టారి తిట్లు విన్న గోడ ఇది.
ఆయన ఈల ఊదితే
కాలవలో బాతులు కూడా వరస కట్టేవి.
గెలిచిన రోజు జీడిపప్పు పకోడీ,
ఓడిన రోజూ పకోడీయే, కాకపోతే ఉల్లిపాయది.
ఆయన రిటైరైన సాయంత్రం
ఐసు ఫ్యాక్టరీ ఏడుకొండలు
ఏడ్చావంటే ఒప్పుకోడు గాని
ముక్కు మాత్రం మూడుసార్లు చీదాడు.

అలాంటి చోటికి ఈయన.
వారం దాకా బంతుల గది తాళం తియ్యలేదు.
పిల్లల చేత కోర్టు మీద పాచి గీకించాడు,
నిలిచిన వాన నీళ్ళు గోనెసంచుల్తో అద్ది పిండించాడు.
"కోచ్‌ని తెమ్మంటే మున్సిపాలిటీ మేస్త్రీని తెచ్చారు"
ఇది నేనన్నదే.
ఆరడుగుల నాలుగంగుళాల మా ఏసుపాదాన్ని
రింగు కింద నుంచి లాగి
బయట నిలబడి పాస్‌లిమ్మన్నాడు,
కొబ్బరి చెట్టుని పీకి కంచెకి కట్టినట్టు.
ఆ రోజు గోడ మీద ఎన్ని తీర్మానాలు!
ప్రిన్సిపాల్‌కి అర్జీ పెడదామని ఒకడు,
ఎవరు రాస్తారని ఇంకొకడు,
రాస్తే సంతకం పెట్టనని మళ్ళీ మొదటివాడే.

తొమ్మిదో రోజో పదో రోజో
ప్రాక్టీసు మధ్యలో వదిలేసి
కుంటుకుంటూ మావైపే వచ్చాడు.
విన్నాడేమోనని
బుల్లబ్బులు అవతలికి దూకడానికి చెప్పులు వెతుక్కున్నాడు.
ఆయన వంగని కాలు ముందు పెట్టి
ఏడుకొండలు భుజం అడక్కుండానే పట్టుకుని
గోడెక్కి మా మధ్యన కూచున్నాడు.
నా పొట్లంలోంచి నాలుగు వేరుశెనగలు తీసుకున్నాడు.
చాలాసేపు మాటల్లేవు.
తర్వాత, కోర్టు వైపే చూస్తూ,
"ఐదు దాటాక గాలి ఎటు తిరుగుద్దండీ ఇక్కడ?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.
పొద్దస్తమానం నది మధ్యలో టిక్కెట్లు చింపేవాణ్ణి,
గాలి నాకు మేనత్తలాంటిది,
ఎప్పుడు అలుగుద్దో తెలుసు.
చెప్పాను.
ఐదింటిదాకా పైరగాలి, రేవు వైపు నుంచి.
ఐదుంబావుకి ఓ క్షణం చచ్చిపోద్ది,
పంటు మీద జెండా కూడా తల వాల్చేసుద్ది.
ఆనక కాలవగట్టు మీంచి అడ్డంగా కొడుద్ది,
ఎడమ మూల నుంచి వేసిన బంతి
రింగుని పలకరించకుండా పోయేది అందుకే.
ఎండ కళ్ళలో పడే చోటు డేవిడ్‌రాజు చూపించాడు.
రెండో గీత దగ్గర కింద డొల్ల, బంతి లేవదని ఏడుకొండలు.
తిట్టడానికి దాచుకున్నవన్నీ
ఒక్కసారే ఒలకబోసేశాం.
ఆయన అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు.

శనివారం భీమవరం మీద ఓడాం. ఆరు పాయింట్లు.
పోయినేడు ఇరవై ఒకటి, అది వేరే సంగతి.
ఏసుపాదం పాస్‌లు బానే ఇచ్చాడు,
రెండు మాత్రం తిన్నగా కాలవకిచ్చాడు.
"వాలీబాల్ బుద్ధి ఎక్కడికి పోద్ది" అని
మళ్ళీ మొదలెట్టాం. ఆయ్, మానేస్తామేంటి?
గెలిపించేదాకా తిడతాం,
గెలిచాక ఇంకాస్త.

కాకపోతే ఆ ఆటలోనే, ఐదుంబావుకి,
గాలి చచ్చిన ఆ క్షణం
ఆయన గడియారం చూళ్ళేదు, గోడ వైపు చూశాడు.
నేను, నాకే తెలీకుండా,
పంటుకి తాడు విప్పమన్నప్పుడు ఊపినట్టు
చెయ్యి ఊపాను.
ఎడమ మూల నుంచి ఏసుపాదం వేశాడు.
బంతి ఇంకా పైకి లేస్తూనే ఉంది,
ఇన్నాళ్ళ గోడమీది పిల్లులం
చెప్పుల సంగతి మర్చిపోయి
అటువైపే దూకేశాం.