చొక్కా మాత్రమే

షెన్‌జెన్‌లో మా ఆఫీసు ఒక నూడిల్స్ కొట్టు మీద.
మధ్యాహ్నమైతే నేలంతా వెచ్చబడేది.
మొదటి నమూనాకు మేం పెట్టిన పేరు నత్త,
మేలుకోవడానికి మూడు నిమిషాలు తీసుకునేది,
చెవికి ఆనిస్తే చెంప చుర్రుమనేది.

షావ్ రుయిచిన్ పని దాన్ని కింద పడేయడం.
నడుం ఎత్తు నుంచి, చెవి ఎత్తు నుంచి,
మోటార్‌సైకిల్ వెనక సీటు ఎత్తు నుంచి.
పగిలితే పుస్తకంలో ఒక గీత.
పగలకపోతే, ఎందుకో, ఒక నిట్టూర్పు.

నా పని ముఖాలు.
ముఖమంటే ఏమిటో కెమెరాకి చెప్పడం.
ముందు మా ముఖాలే నేర్చుకుంది అది,
పదకొండు మందివి,
కింద నూడిల్స్ వండే ముసలాయనది పన్నెండోది.
ట్యూబ్‌లైటు కింద అందరం చక్కగానే పడ్డాం.
పరీక్ష నెగ్గిందని ఆ రాత్రి బీరు తాగాం.

తర్వాత నన్ను కుమాసీ పంపారు,
సంచిలో నలభై నత్తలతో.
కెజెతియా సంతలో సాయంత్రం కరెంటు పోయింది.
దానికక్కడ ఓ పేరుంది, దుమ్సోర్,
ఆరుతుంది వెలుగుతుంది అని.
పేరు పెట్టుకున్నారంటే ఇంట్లో మనిషైపోయినట్టే.

పొగబెట్టిన చేపలమ్మే అఫ్రియే సెర్వాకి ఫోటో తీశాను.
తలగుడ్డ మీది పసుప్పచ్చ పూలు వచ్చాయి,
చేపల కళ్ళు కూడా వచ్చాయి.
ఆమె రాలేదు.
ముఖం దొరికిందంటూ కెమెరా గీసిన చదరం
సత్తుగిన్నె చుట్టూ మెరుస్తోంది.
"నీ ఫోనుకి నాకన్నా నా గిన్నె నచ్చింది" అంది.
వరసలో అంగళ్ళన్నీ ఘొల్లుమన్నాయి.
నేనూ నవ్వాను. నిద్ర మాత్రం పట్టలేదు.

పదకొండు వారాలు.
కిరోసిన్ దీపం దగ్గర, గొడుగు నీడన, పొద్దు వాలాక,
తెలిసిన కాడికి దారి వెతికాను,
కంటి తెలుపు పట్టుకుని, పంటి మెరుపు పట్టుకుని
చెంప దాకా, గడ్డం దాకా.
నలుపు ఒకటి కాదని యంత్రానికి నచ్చజెప్పాలి.
నేరేడు నలుపు, చింతగింజ నలుపు,
వాన పడ్డ రేగడి నలుపు,
ఒక్కోదానికి ఒక్కో వెలుతురు లెక్క.

ఆ పైన మా చేతిలో లేదు.
రెండు సిమ్ములన్నారు, ఇచ్చాం. మూడోదన్నారు, ఇరికించాం.
చెమట వేలికి పలకాలన్నారు.
నాలుగు రోజులు కరెంటు లేకున్నా
ఐదో రోజు అల్లుడితో మాట్లాడాలన్నారు.
ఉల్లిపాయ బస్తాల మధ్య తమాలె వెళ్ళింది నత్త,
బోల్గటాంగా వెళ్ళింది,
సరిహద్దు దాటి, మేం పంపకుండానే, వాగడూగూ చేరింది.
కొట్లగోడలన్నీ మా నీలం పూసుకున్నాయి
(రంగు డబ్బాలు ఊరికే ఇచ్చింది మేమే లెండి).
ఆఫీసులో అమ్మకాల గీత కాగితం దాటి
గోడెక్కి, కప్పు మీదికి వంగింది.
రుయిచిన్ నిచ్చెనెక్కి అతికించేది.
ఆ నిచ్చెన మీంచి కూడా ఓసారి ఫోను పడేసి చూసింది.

మూడో ఏడు మళ్ళీ కెజెతియా వెళ్ళాను.
అఫ్రియే సెర్వా చేతిలో మా ఫోనే,
మూలలు రంగు పోయి, తెర మీద ఒక చేప పొలుసుతో.
గుర్తుపట్టింది. బల్ల జరిపి కూర్చోమంది.
పాత ఫోను నుంచి ఎక్కించుకున్న ఫోటో తీసి చూపింది.
తెల్ల చొక్కా, చేతి గడియారం,
పైన ఒక పళ్ళ వరస.
క్వాసీ అగ్యేకుమ్, ఆమె మొగుడు.
మా నత్త ఊళ్ళోకి రావడానికి ఏడాది ముందు పోయాడు.
"మీ ఫోను మమ్మల్ని చూడగలదుగా,
ఈయన్ని చూడమను."

రాదని తెలుసు నాకు.
అయినా వెలుగు పెంచాను. ఇంకా పెంచాను.
చీకటి బూడిదైంది గానీ మనిషి కాలేదు.
అప్పుడా కెమెరా తీసుకోని వెలుతురు
ఇప్పుడే లెక్కకీ అందదు.
తప్పు తెరదేమోనని
ఆమె కొంగు చివరతో ఒకసారి తుడిచింది.
పొలుసు ఊడింది, అంతే.

ఎవరో చేప బేరమాడుతున్నారు.
ధర చెప్పింది, తూచింది, చిల్లర ఇచ్చింది.
తర్వాత ఫోను జేబులో వేసుకుంటూ
నాతోనో, కాదో,
"పోనీలే" అంది,
"ఆ రోజు ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేనే."