ఇసక కింద నీళ్లు

రాత్రి తొమ్మిదికి నా సెల్లు మోగుతాది.
పాలిష్ మిషన్ రొద ఆగి అప్పటికి మూడు గంటలు.
గోళ్ల సందుల్లో ఇంకా నల్లబండ పొడి.
సంగటి ముద్ద పక్కన ఒక మాత్ర,
శెనక్కాయ గింజ కంటే పెద్దది.

ఆరేండ్ల కిందట, నాకు ఐదో నెల.
అనంతపురం పెద్దాసుపత్రిలో
ముంతాజ్ మేడం చీటీ మడిచి చేతిలో పెట్టి
"ఓబుళమ్మా, ఇది హెచ్ఐవీ. ఎయిడ్స్ కాదు" అనింది.
రెండూ ఒకటి కాదా అంటే
"చేన్లో పురుగు పడేది వేరే, చేనంతా పోయేది వేరే.
మందేసే వ్యవధి ఉండాది" అనింది.
సగమే విన్నా.
బస్సులో టికెట్టు అడిగిన కండక్టరుకు
చిల్లర బదులు ఆ చీటీ ఇయ్యబోయినా.

మా అత్త నా స్టీలు గ్లాసుకు
గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టె.
ఒక కంచంలో తింటే రాదు, దోమ కుడితే రాదు,
తాకితే, తలదువ్వితే రాదు.
మేడం చెప్పిందే, అయినా
వారం దినాలు పెద్దదాని బుగ్గ నేనే ముట్టలేదు.

వచ్చే దారులు కొన్నే:
నిరోధ్ లేని పడక,
పరీక్ష చేయని రక్తం,
ఒకరికి గుచ్చి ఇంకొకరికి గుచ్చిన సూది,
తల్లి కడుపు, కాన్పు, చనుబాలు.
ఆ ఆఖరి దారికి మాత్ర అడ్డం పడుకునింది.
పద్దెనిమిది నెలలకు పిల్లోని చీటీలో "లేదు".
ఆ దినం నేను చీటీ ఎవురికీ ఇయ్యలే,
రైకలో పెట్టుకున్నా.

ఆయప్ప మాత్రం పరీక్షకు రాలేదు.
"నాకేమైందే, బండలు మోస్తాండా" అనె.
మోసినంత కాలం మోసె.
టీబీతో మంచం పట్టి, నోరంతా పూసి,
నా చేతికి గాలంత తేలికైనాక వచ్చె.
ఎయిడ్స్ అంటే ఏందో
అప్పుడు చూసినా.

మొన్న నా రిపోర్టులో "కనబడలేదు" అని.
పోయిందా మేడం అంటే నవ్వె.
"మీ తాడిపత్రి పెన్నలో నీళ్లుండాయా?"
లేవు.
"చెలమ తీస్తే?"
ఊరతాయి.
"అంతే. ఇసక కింద ఉండాది.
మాత్ర ఆపితే ఏరై పారుతాది.
ఆపకుండా, ఇట్లే కనబడకుండా ఉంటే
పడకలో కూడా ఇంకొకరిని తడపదు."

ఆ ఎర్ర చుక్క తోమీ తోమీ అరిగిపాయె.
ఏ గ్లాసు నాదో నాకే గుర్తు.
నిన్న మా అత్త దాంట్లోనే మజ్జిగ తాగి
ఇంకొంచెం పొయ్యమనె.
చెప్పల్నా, వద్దా
అనుకునే లోపల
తొమ్మిదాయె.