గొళ్ళెం

తనిఖీ వాళ్ళు గురువారం వస్తారని ఉత్తరం.
మరాపి కొండ మూడు రోజులుగా బూడిద కక్కుతోంది.
మదర్సా రేకుల మీద, ఫైళ్ళ మీద, నా టైపు మీటల మీద
సుమత్రా అంతా ఒకే రంగు.

నేను గుమాస్తాను. పేరు దెస్రినాల్.
పదకొండేళ్ళుగా నాణ్యత పత్రాలు నింపుతున్నవాణ్ణి.
కాకిలెక్కల్లో నా చేయి తిరిగినట్టు
ఈ జిల్లాలో ఎవరికీ తిరగలేదు:
లేని గ్రంథాలయానికి నాలుగు వందల పుస్తకాలు,
జరగని సమావేశానికి ఇరవై రెండు సంతకాలు,
అందులో ఒకటి
అప్పటికే పోయిన లెక్కల మాస్టారిది.

కొత్త హెడ్మిస్ట్రెస్ యుస్మనేలి గారు
మొదటి వారం నన్నేమీ అడగలేదు.
హాజరు పట్టీలు ఇంటికి పట్టుకెళ్ళారు, అంతే.
సోమవారం తెచ్చి నా బల్ల మీద పెట్టి
"పెద్ద తరగతుల ఆడపిల్లలు
జొహర్ నమాజు తర్వాత కనబడరు. ఎందుకు?"
ఆ ప్రశ్నకు నా దగ్గర ఫారం లేదు.

ఆవిడే వెళ్ళి చూశారు.
ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం లేదు.
వజూ కుళాయిలు ఆరు, నీళ్ళొచ్చేది ఒక్కదాంట్లో,
అదీ ముసలివాడి జ్ఞాపకంలా, ఆగి ఆగి.

బ్యానరుకని దాచిన డబ్బు
కుళాయిలకీ మరలకీ పోయింది.
"గోడ మీద బ్యానరు లేకపోతే
మన ఆశయమేమిటో వాళ్ళకెలా తెలుస్తుంది?"
అన్నారు దాతుక్ గారు, కమిటీ పెద్ద.
యుస్మనేలి గారి నోట్లో రెండు మరలున్నాయి,
జవాబు రాలేదు.

రాత్రి నాతో అన్నారు: "ఉన్నది ఉన్నట్టు కొట్టండి."
ఎంత నెమ్మదో ఆ పని!
అబద్ధానికి పరిగెత్తే వేళ్ళు
నిజం దగ్గర అక్షరాలు వెతుక్కున్నాయి.
గ్రంథాలయం: లేదు.
ఒక అలమరా ఉంది. తాళంచెవి పోయింది.

గురువారం వచ్చిన ఇద్దరిలో పెద్దాయన
ఆ వాక్యం రెండుసార్లు చదివి
కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.
బూడిదే అయ్యుండొచ్చు.

పోయినసారి కన్నా ఒక అక్షరం కింద
వచ్చింది మా గ్రేడు.
దాతుక్ గారు నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు.
ఆవిడ అలమరా తాళం పగలగొట్టించారు.
లోపల పదమూడు పుస్తకాలు, ఒక ఎలుక గూడు.

ఇప్పుడు మధ్యాహ్నం పేర్లు పిలుస్తుంటే
నా కిటికీకి వినబడుతుంది.
గుస్నెలి? హాజర్.
విల్దా ఫిత్రి? హాజర్.
టిక్కు పెడుతున్నాను, ఒక్కటీ నా కల్పన కాదు.
రెస్మయంతి?
మళ్ళీ పిలిచారు. రెస్మయంతి?

సున్నా చుట్టి
ఆ పట్టీ ఆవిడ గదికి పట్టుకెళ్ళాను.