సీసం కొట్టు గోడ

బళ్ళో తెలుగు అయ్యవారు
సీసం గురించి చెప్పమంటే
లేచి నిలబడి మా కొట్టు సంగతి చెప్పినాను.
క్లాసంతా నవ్వింది.
నాకు తెలిసిన సీసం అదొక్కటే.

హంద్రీ ఒడ్డున రేకుల కొట్టు.
లారీ బ్యాటరీలు గొడ్డలితో పగలగొట్టి
పలకలు ఇనప బాండ్లీలో కరిగించి
ముప్పై ఏండ్లు బతికినాడు చిన్నాయన మద్దిలేటి.
ఇప్పుడు కుడిచెయ్యి మణికట్టు కాడ వాలిపోయింది,
నీళ్ళందని సొరతీగ కొస మాదిరి.
నవ్వితే చిగుళ్ళ మీద నీలి గీత,
ఎవరో పెన్నుతో కొట్టేసినట్టు.

ఈ తొలకరికి వెనక గోడ చెమ్మ పట్టింది.
యాసిడ్ చిందిన చోట,
గరిక కూడా మొలవని చోట,
నల్లగా నూగు వేసింది బూజు.
"గీకి పారెయ్ పాపా,
పీర్ల పండగకు వెల్ల వెయ్యల్ల" అన్నాడు.
గీకినాను. పారేయలేదు.
దగ్గు మందు సీసాలో వేసుకొని
కాలేజీకి ఎత్తకపోయినాను.

మైక్రోస్కోపు కింద
దారాలు, దారాలు,
దారం దారానికీ అంటుకొని
కల్లుప్పు లాంటి పలుకులు.
ఇది పులుపు ఊరిస్తుందంట.
చుక్కకూరలో ఉండే పులుపే.
అది తగిలితే సీసం
నీళ్ళకు లొంగని రాయవుతుంది.
సీసం చావదు, దాన్నెవరూ చంపలేరు.
బూజు దాన్ని పలుకు చేసి
ఒంటి బయట కూర్చోబెడుతుంది, అంతే.

మన ఒళ్ళు అట్ల కాదు.
సీసాన్ని చూసి సున్నమనుకుంటుంది,
పిలిచి ఎముకలో చోటిస్తుంది.
ఎముక అరిగే వయసులో
అది మెల్లగా నెత్తుట్లోకి దిగొస్తుంది
పాత బాకీ పత్రం పట్టుకొని.

ఇదంతా చెప్పినాను.
బీడీ అంటించడం మరిచిపోయి విన్నాడు.
"అయితే నేనూ రోజూ చుక్కకూర పప్పు తింటే..."
"లేదు చిన్నాయనా. లోపల అట్ల జరగదు."
పొయ్యి కాడ చిన్నమ్మ గరిటె ఆగింది.
చానాసేపు గోడ దిక్కే చూసి
"దానికి కూలెంత?" అన్నాడు.

పండగ ముందురోజు
ఎడమచేత్తో కుంచె పట్టి
తనే వెల్ల వేసినాడు, వంకరటింకరగా,
సగం సున్నం మోచేతి మీదికి కారుతూ.
వెనక గోడ కాడికొచ్చి
ఆ నల్లటి మచ్చ ముందర కుంచె ఆపినాడు.
నేను బకెట్ జరపబోయినాను.

"దాన్నుండనీ పాపా," అన్నాడు,
"పనిలో ఉండాది."